నగలను వదులుకున్న ఖలీఫా కుటుంబం

మన ఇళ్ళలో పెళ్ళి మాట రాగానే ముందుగా వచ్చేది బంగారం ప్రస్తావనే. ఎన్ని తులాలు పెడుతున్నారు, ఏమేం నగలు చేయిస్తున్నారు, అల్లుడికి ఏ ఉంగరం పెడుతున్నారు అనే చర్చ నికాహ్ రోజు వరకూ సాగుతూనే ఉంటుంది. ధర్మం తెలిసినవారు కొందరు మరో ప్రశ్న కూడా వేస్తారు. ఈ లోహం ధరించవచ్చా, ధరించకూడదా అని అడుగుతారు. అది అవసరమైన ప్రశ్నే. అయితే దాని పక్కనే అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ నగ ఎవరి సొమ్ముతో వచ్చింది? ఇందులో మరెవరి హక్కయినా దాగి ఉందా?

దాదాపు 1300 సంవత్సరాల క్రితం ఒక పాలకుడు ఈ ప్రశ్నను తన వేలికున్న ఉంగరంతో మొదలుపెట్టాడు. ఆ తర్వాత తన భార్య నగల పెట్టె దగ్గరకూ, తన కొడుకు దగ్గరకూ, కూతురి దగ్గరకూ అదే ప్రశ్నతో వెళ్ళాడు. ఆయనే హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై). ఆయన న్యాయపాలనను చూసి ఎందరో పండితులు ఆయన్ని నలుగురు సన్మార్గగాములైన ఖలీఫాల సరసన అయిదవవారిగా పేర్కొన్నారు.

వంశం, బాల్యం

హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ హిజ్రీ 61 ప్రాంతంలో (క్రీ.శ. 680-81) జన్మించారు. తండ్రి అబ్దుల్ అజీజ్ బిన్ మర్వాన్ ఉమయ్యా రాజవంశీకుడు, ఇరవై ఏళ్ళపాటు ఈజిప్టు గవర్నరుగా పనిచేసినవాడు. తల్లి ఉమ్మె ఆసిమ్ రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి)కి మనుమరాలు.

ఈ తల్లి వంశం గురించి చరిత్రకారులు ఒక సంఘటన చెబుతారు. ఒక రాత్రి హజ్రత్ ఉమర్ (రజి) ప్రజల స్థితిగతులు తెలుసుకోవడానికి మదీనా వీధుల్లో తిరుగుతున్నారు. ఒక ఇంట్లో తల్లి తన కూతురిని పాలలో నీళ్ళు కలపమని చెబుతోంది. ఖలీఫా దాన్ని నిషేధించారని కూతురు గుర్తు చేసింది. ఈ చీకట్లో ఖలీఫా ఎక్కడ చూస్తాడని తల్లి అన్నది. ఖలీఫా చూడకపోయినా అల్లాహ్ చూస్తున్నాడని ఆ అమ్మాయి జవాబిచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) ఆ పేదింటి అమ్మాయిని తన కుమారుడు ఆసిమ్‌కు ఇచ్చి నికాహ్ జరిపించారు. వారి కుమార్తే ఉమ్మె ఆసిమ్. ఎవరూ చూడని చోట కూడా ఇతరుల సొమ్ముకు భయపడిన ఆ గుణం రెండు తరాల తర్వాత ఒక ఖలీఫాలో మళ్ళీ కనిపించింది.

విద్యాభ్యాసం కోసం తండ్రి ఆయన్ని మదీనాకు పంపించి, సాలిహ్ బిన్ కైసాన్ అనే పండితునికి అప్పగించారు. ఒకరోజు బాలుడు జమాఅత్ నమాజుకు ఆలస్యంగా వచ్చాడు. గురువు కారణం అడిగారు. పరిచారిక తల దువ్వి ముస్తాబు చేయడంలో ఆలస్యమయిందని చెప్పాడు. జుట్టు అలంకరణ నమాజు కంటే ప్రియమైపోయిందా అని గురువు మందలించి, ఈ సంగతి ఈజిప్టులో ఉన్న తండ్రికి రాశారు. తండ్రి వెంటనే ఒక మనిషిని పంపించారు. వచ్చిన మనిషి బాలునితో మరే మాటా మాట్లాడకముందే ఆ జుట్టంతా గొరిగించేశాడు.

జుట్టు శుభ్రంగా ఉంచుకోవడం, దువ్వుకోవడం ఇస్లాంలో తప్పు కాదు. జుట్టు ఉన్నవారు దాన్ని గౌరవంగా చూసుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. చిందరవందరగా ఉన్న తలను ఆయన (స) ఇష్టపడలేదు. ఆ తండ్రి కోపం దువ్వెన మీద కాదు. అలంకరణ ఆరాధనకు అడ్డుపడిందన్నదే ఆయన ఆవేదన.

సుగంధాల మధ్య యౌవనం

తండ్రి మరణానంతరం పెదతండ్రి అయిన ఖలీఫా అబ్దుల్ మలిక్ ఆయన్ని దమస్కస్‌కు పిలిపించుకుని, తన కుమార్తె ఫాతిమానిచ్చి వివాహం చేశారు. ఈ ఫాతిమా గారి ఐశ్వర్యం సామాన్యమైనది కాదు. తండ్రి ఖలీఫా. అన్నదమ్ముల్లో వలీద్, సులైమాన్, యజీద్, హిషామ్ అనే నలుగురు ఒకరి తర్వాత ఒకరుగా ఖలీఫాలయ్యారు. భర్త కూడా ఖలీఫా అయ్యారు. పెళ్ళి సమయంలో ఎవరూ కనీవినీ ఎరుగని రత్నాభరణాలను తండ్రి ఆమెకు ఇచ్చారు.

హిజ్రీ 87 (క్రీ.శ. 706)లో ఖలీఫా వలీద్ ఆయన్ని మదీనా గవర్నరుగా నియమించారు. అప్పటికి ఆయన వయస్సు పాతికేళ్ళు మాత్రమే. వెళ్ళగానే మదీనాలోని పదిమంది ప్రముఖ ధర్మవేత్తలను పిలిచి, వారి సలహా లేకుండా ఏ ముఖ్య నిర్ణయమూ తీసుకోనని ప్రకటించారు. ఆయన హయాంలోనే ఖలీఫా ఆదేశంపై మస్జిదె నబవీ విస్తరణ జరిగింది. దైవప్రవక్త (స) సేవకులైన హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) ఆయన వెనుక నమాజు చేసి, ఈ యువకుని నమాజు దైవప్రవక్త (స) నమాజును ఎంతగానో పోలి ఉందని మెచ్చుకున్నారు.

అయినా ఆ రోజుల్లో ఆయన వేషం రాకుమారుని వేషమే. అత్యంత ఖరీదైన దుస్తులు ధరించేవారు. ఎంత మెత్తని వస్త్రం తెచ్చినా ఇది గరుకుగా ఉందనేవారు. ఆయన నడిచి వెళ్ళిన వీధిలో అత్తరు పరిమళం చాలాసేపు నిలిచి ఉండేదట. ఆయన నడక తీరుకు ఉమరీ నడక అనే పేరు వచ్చింది, యువతీయువకులు దాన్ని అనుకరించేవారు. ఆయన బట్టలు ఉతికిన నీటిలోనే తమ బట్టలు కూడా ఉతకమని కొందరు చాకలివారికి అదనంగా డబ్బులిచ్చేవారని, ఆ సువాసన తమ బట్టలకూ పట్టాలని వారి ఆశ అని చరిత్రకారులు రాశారు.

అదే మదీనాలో ఆయన జీవితాంతం మరచిపోలేని తప్పు కూడా జరిగింది. ఖలీఫా వలీద్ ఆజ్ఞ మేరకు ఖుబైబ్ బిన్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ అనే సత్పురుషునికి కొరడా దెబ్బలు వేయించి, చలిలో చల్లని నీళ్ళు పోయించారు. ఆ దెబ్బలకు ఆయన మరణించారు. ఆ వార్త విని ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ కుప్పకూలిపోయారు. తర్వాత ఎవరైనా ఆయన మంచి పనులను పొగిడితే, ఖుబైబ్ విషయం ఏమవుతుందోనని కుమిలిపోయేవారు. అధికారి ఆజ్ఞ అల్లాహ్ దగ్గర సాకు కాజాలదన్న పాఠం ఆయన మనస్సులో నాటుకుపోయింది. హిజ్రీ 93లో హజ్జాజ్ ఫిర్యాదుల కారణంగా ఆయన ఆ పదవి నుండి తొలగించబడ్డారు.

మెడమీద పడిన బరువు

హిజ్రీ 99 (క్రీ.శ. 717)లో ఖలీఫా సులైమాన్ దాబిఖ్ అనే ఊరిలో మరణశయ్యపై ఉన్నారు. రజా బిన్ హైవహ్ అనే పండితుడు ఇచ్చిన సలహాపై ఆయన తన వారసునిగా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ పేరు రాసి, ఉత్తరానికి ముద్ర వేయించారు. సులైమాన్ మరణించాక ఆ ఉత్తరం మస్జిదులో విప్పి చదివారు. తన పేరు వినగానే ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ సంతోషించలేదు. పెద్ద ఆపద వచ్చినప్పుడు చదివే ఇన్నాలిల్లాహి పఠించారు.

ఊరేగింపు కోసం రాజవాహనాలు, అలంకరించిన గుర్రాలు తెచ్చి నిలబెట్టారు. ఆయన వాటిని ఎక్కకుండా తన సొంత కంచరగాడిద తెప్పించుకున్నారు. ఆ వాహనాలను అమ్మించి సొమ్మును బైతుల్‌మాల్ అంటే ప్రజా ధనాగారంలో జమ చేయించారు. ఇంటికి వచ్చినప్పుడు ఆయన ముఖం చూసి పరిచారకుడు ఎందుకింత దిగులని అడిగాడు. తూర్పు నుండి పడమర వరకు ఉన్న ప్రతి ముస్లిం హక్కూ తన మెడమీద పడిందని, అడగకపోయినా దాన్ని వారికి చేర్చవలసిన బాధ్యత తనదేనని ఆయన చెప్పారు.

ఉంగరపు రాయి

అధికారంలోకి వచ్చిన పాలకులు సాధారణంగా పక్కవారి అక్రమాస్తుల లెక్క తీస్తారు. ఈయన ముందుగా తన లెక్క తీశారు. తనకు వారసత్వంగా, కానుకగా సంక్రమించిన భూముల దస్తావేజులన్నీ తెప్పించారు. తన నమ్మకమైన సహచరుడు ముజాహిమ్ ఒక్కొక్క పత్రం చదువుతుంటే, ఆయన కత్తెర తీసుకుని ఒక్కొక్కదాన్నే కత్తిరిస్తూ పోయారు. రాజవంశం అనుభవిస్తున్న ఫదక్ తోటను దైవప్రవక్త (స) కాలంలో దాని ఆదాయం ఏయే పనులకు వినియోగపడేదో మళ్ళీ ఆ పనులకే మళ్ళించారు.

భూముల సంగతి అయిపోయాక ఆయన చూపు తన చేతి మీద పడింది. వేలికి ఉంగరం ఉంది. అందులో ఒక రాయి పొదిగి ఉంది. మగ్రిబ్ ప్రాంతం నుండి వచ్చిన ధనంలో నుండి ఖలీఫా వలీద్ దాన్ని తనకు ఇచ్చాడని, ఇవ్వడానికి వలీద్‌కు గాని, పుచ్చుకోవడానికి తనకు గాని హక్కు లేదని ఆయనకు గుర్తొచ్చింది. ఆ రాయిని కూడా తిరిగి ఇచ్చేశారు.

ఇక్కడ పురుషుల ఉంగరాల గురించిన ధర్మాదేశం ఒకసారి చెప్పుకోవాలి. పురుషులకు బంగారం నిషిద్ధం. ఒక వ్యక్తి చేతికి బంగారు ఉంగరం ఉండటం చూసి దైవప్రవక్త (స) దాన్ని తీసి పారేశారు. అలాంటిది ధరించడం నిప్పుకణికను చేతిలో పెట్టుకోవడమేనని హెచ్చరించారు. ఆయన (స) వెళ్ళిపోయాక, ఆ ఉంగరం తీసుకుని అమ్ముకోమని ఇతరులు చెప్పినా ఆ సహాబీ దాన్ని ముట్టుకోలేదు. వెండి ఉంగరం పురుషులకు అనుమతించబడింది. దైవప్రవక్త (స) స్వయంగా వెండి ఉంగరం ధరించి దాన్ని ముద్రగా వాడారు. అది హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి)ల చేతుల మీదుగా హజ్రత్ ఉస్మాన్ (రజి)కు చేరి, ఆయన కాలంలో అరీస్ బావిలో పడిపోయింది. ఎంత వెతికించినా దొరకలేదు. హనఫీ ధర్మవేత్తలు పురుషుల వెండి ఉంగరం బరువు ఒక మిస్ఖాల్ అంటే సుమారు 4.37 గ్రాములు మించకూడదన్నారు.

కాబట్టి ఉంగరానికి రాయి ఉండటంలో ధర్మపరంగా తప్పేమీ లేదు. ఆయన వేలి మీది రాయిలో ఉన్న లోపం అది రాయి కావడం కాదు, ప్రజల సొమ్ము కావడం.

ఫాతిమా గారి ఎంపిక

తన ఉంగరం తర్వాత ఇంట్లోని నగల వంతు వచ్చింది. స్త్రీలకు బంగారం, వెండి, పట్టు అన్నీ ధర్మసమ్మతమే. ఫాతిమా గారి ఆభరణాలలో లోహం గురించిన సందేహం లేదు. అయితే అవి ఆమెకు ఇచ్చింది ఖలీఫా అయిన తండ్రి. అవి ఆయన సొంత సంపాదనలోనివా, ముస్లిముల ఉమ్మడి ధనంలోనివా? ఉమ్మడి ధనంలోనివేనని ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ అభిప్రాయం.

అప్పటికి ఆయన విశాల సామ్రాజ్యానికి ఖలీఫా. సింధ్ నుండి స్పెయిన్ వరకు ఆయన ఆజ్ఞ నడుస్తుంది. రాజవంశంలోని ఎందరో బంధువుల నుండి ఆస్తులను తిరిగి తీసుకుంటున్నారు. ఒక్క మాటతో భార్య నగల పెట్టెను కూడా లాక్కోగలరు. అయినా ఆయన అలా చేయలేదు. ఆమె దగ్గరకు వెళ్ళి, రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోమన్నారు. ఆ ఆభరణాలను తన ఇష్టంతో బైతుల్‌మాల్‌కు తిరిగి ఇచ్చేయవచ్చు. అది ఇష్టం లేకపోతే, తాను ఆమెకు దూరంగా ఉండటానికి అనుమతించాలి. ఆ నగలు, తాను, ఆమె ఒకే ఇంట్లో కలిసి ఉండటం తనకు సమ్మతం కాదని స్పష్టంగా చెప్పారు.

మన సోదరీమణులు ఒక్క క్షణం ఆమె స్థానంలో నిలబడి ఆలోచించాలి. అవి తండ్రి జ్ఞాపకంగా మిగిలిన పుట్టింటి నగలు. చుట్టూ ఉన్న ఉమయ్యా స్త్రీలెవరూ తమ నగలు వదులుకోలేదు. కాదంటే అండగా నిలబడటానికి పలుకుబడి గల అన్నదమ్ములున్నారు. ఆమె మాత్రం తనకు భర్తే కావాలని, ఆ నగలకు ఎన్నో రెట్లు ఉన్నా వాటికంటే ఆయన్నే కోరుకుంటానని చెప్పింది. ఆ ఆభరణాలు బైతుల్‌మాల్‌కు చేరాయి.

కొడుకు ఉంగరం, కూతురి ముత్యం

పిల్లల విషయంలోనూ ఆయన ఇలాగే ఉన్నారు. ఒక కుమారుడు వెయ్యి దిర్హములు పెట్టి ఉంగరపు రాయి కొన్నాడని ఆయనకు తెలిసింది. అది కొడుకు కొనుక్కున్నదే, బైతుల్‌మాల్‌కు చెందినదేమీ కాదు. అయినా ఆయన ఉత్తరం రాశారు. ఆ ఉంగరం అమ్మివేసి ఆ సొమ్ముతో వెయ్యిమంది ఆకలి తీర్చమన్నారు. తనకు ఉంగరం కావాలంటే రెండు దిర్హములలో చేయించుకుని, దానికి రాయి బదులు చైనా ఇనుము పొదిగించుకోమన్నారు. తన స్థాయి తాను తెలుసుకున్న మనిషిని అల్లాహ్ కరుణించాలన్న భావం వచ్చే మాటలు దానిపై చెక్కించుకోమని కూడా సూచించారు.

ఇనుప ఉంగరాల విషయంలో ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. హనఫీ ధర్మవేత్తలు ఇనుము, ఇత్తడి, రాగి ఉంగరాలను మక్రూహ్ అంటే అయిష్టకరమైనవిగా పరిగణించారు. ఒక పేద సహాబీతో మహ్ర్ కోసం ఇనుప ఉంగరమైనా వెతికి తెమ్మని దైవప్రవక్త (స) చెప్పిన హదీసును ఆధారంగా తీసుకుని షాఫయీ ధర్మవేత్తలు అందులో దోషం లేదన్నారు. ఉత్తరంలో చెప్పిన ఇనుము ఉంగరంలో పొదిగే రాయి స్థానానికి సంబంధించినది. దాని ఉద్దేశం లోహాన్ని మార్చడం కంటే మనస్సును మార్చడమే.

కూతురి సంగతి మరింత కఠినమైనది. ఆమె తండ్రికి ఒక ముత్యం పంపి, దీనికి జత ముత్యం పంపిస్తే రెండు చెవులకూ పెట్టుకుంటానని కోరింది. ఆయన జత ముత్యం పంపలేదు. మండుతున్న రెండు నిప్పుకణికలు పంపారు. వీటిని చెవులకు పెట్టుకోగలిగితే అప్పుడు ముత్యం పంపిస్తానని కబురు చేశారు. ఆడపిల్ల ముచ్చటపడి అడిగితే ఇంత కాఠిన్యం అవసరమా అని మనకు అనిపించవచ్చు. కూతురి చెవికి ముత్యం నిషిద్ధమని ఆయన అనలేదు. ప్రజల సొమ్ముతో వచ్చే ముత్యం పరలోకంలో ఏమవుతుందో ఆయన ఆమె కళ్ళకు చూపించారు. బిడ్డను నిజంగా ప్రేమించిన తండ్రి ఆమెను ఈ లోకపు చిన్నబోవడం కంటే ఆ లోకపు అగ్ని నుండే ముందుగా కాపాడుకుంటాడు.

ఖలీఫా గారి ఇల్లు

ఒకప్పుడు పరిమళాల్లో మునిగి తేలిన మనిషి దగ్గరకు ఒకసారి బైతుల్‌మాల్‌కు చెందిన కస్తూరి తెచ్చారు. ఆయన వెంటనే ముక్కు మూసుకున్నారు. వాసన చూసినంత మాత్రాన ఏమవుతుందని పక్కనున్నవారు ఆశ్చర్యపోయారు. కస్తూరి వల్ల కలిగే ప్రయోజనమే దాని వాసన కదా అని ఆయన జవాబిచ్చారు.

రాత్రిపూట ప్రభుత్వ పనులు చూసేటప్పుడు బైతుల్‌మాల్ నూనెతో వెలిగే దీపం వాడేవారు. సొంత సంగతులు మొదలవగానే దాన్ని ఆర్పి తన దీపం వెలిగించుకునేవారు. ఖలీఫాగా ఆయన ధరించిన దుస్తులన్నిటి విలువ కట్టి చూస్తే పన్నెండు దిర్హములకు మించలేదని రజా బిన్ హైవహ్ తెలిపారు. ఒకసారి ఆయన జబ్బుపడినప్పుడు బావమరిది మస్లమా చూడటానికి వచ్చి, చొక్కా మాసి ఉందని, ఉతికి వేయమని చెల్లెలు ఫాతిమాతో చెప్పాడు. మరోసారి వచ్చినప్పుడు కూడా అదే చొక్కా కనిపించేసరికి కోప్పడ్డాడు. ఆయనకు వేరే చొక్కా లేదని ఆమె నెమ్మదిగా చెప్పింది.

ఇంట్లో ఇంత పొదుపు పాటించిన ఈయన హయాంలో ప్రజల స్థితి మెరుగుపడింది. ఇస్లాం స్వీకరించినవారి నుండి కూడా జిజియా వసూలు చేస్తున్న అన్యాయాన్ని ఆయన రద్దు చేశారు. అప్పుల్లో మునిగినవారి అప్పులు తీర్చమని, పేద యువకుల వివాహాలకు సహాయం చేయమని గవర్నర్లకు రాశారు. ఆఫ్రికాలో జకాత్ వసూలు చేసి పంచడానికి వెళ్ళిన అధికారికి దాన్ని పుచ్చుకునే పేదలు దొరకలేదని, ఆ సొమ్ముతో బానిసలను కొని విముక్తి చేశాడని ఉల్లేఖనాలున్నాయి. హదీసు జ్ఞానం అంతరించిపోతుందేమోనన్న భయంతో దాన్ని సేకరించి గ్రంథస్థం చేయమని అబూబక్ర్ బిన్ హజ్మ్‌ను ఆదేశించినది కూడా ఆయనే. ఇమామ్ జుహ్రీ కూడా ఆయన ఆదేశంపైనే ఈ పని చేశారు.

మరణం, రెండో పరీక్ష

ఆయన పాలన రెండున్నర సంవత్సరాలు కూడా నిండలేదు. ఆస్తులు పోగొట్టుకున్న బంధువులు ఒక సేవకునికి వెయ్యి దీనార్లు ఆశ చూపి విషం పెట్టించారని పలువురు చరిత్రకారులు రాశారు. ఆయన ఆ సేవకుణ్ణి పిలిపించి, నిజం చెప్పించి, ఆ వెయ్యి దీనార్లను బైతుల్‌మాల్‌లో జమ చేయించారట. ఎవరి కంటా పడకుండా వెళ్ళిపొమ్మని అతణ్ణి వదిలేశారట. తనను చంపడానికి ఇచ్చిన సొమ్మును కూడా ఆయన ప్రజలకే చేర్చారు. హిజ్రీ 101 రజబ్ మాసంలో (క్రీ.శ. 720) సిరియాలోని దైర్ సిమ్ఆన్‌లో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు దాదాపు నలభై ఏళ్ళు.

తర్వాత ఫాతిమా గారి సోదరుడు యజీద్ ఖలీఫా అయ్యాడు. బైతుల్‌మాల్‌లో భద్రంగా ఉన్న ఆ ఆభరణాలను తిరిగి ఇస్తానని సోదరికి కబురు పంపాడు. ఇప్పుడు అడిగే భర్త లేడు. ఇస్తానంటున్నది సాక్షాత్తూ ఖలీఫా. ఆమెకు మిగిలింది వైధవ్యం, పేదరికం. అయినా ఆమె ఒప్పుకోలేదు. బ్రతికున్నప్పుడు ఆయన మాట విని, చనిపోయాక దాన్ని కాదనేదాన్ని కానని చెప్పి తిప్పి పంపింది. యజీద్ ఆ నగలను తన ఇంటివారికి పంచిపెట్టాడు. భర్త ముఖం చూసి ఆనాడు నగలు ఇచ్చిందని ఎవరైనా అనుకుని ఉంటే ఈ రెండో నిర్ణయం వారికి జవాబిచ్చింది. ఆమె అల్లాహ్ కోసమే ఇచ్చింది.

మన ఇళ్ళకు ఈ జీవితం నేర్పేది

ఈ చరిత్ర చదివి, మన సోదరీమణులు నగలన్నీ తీసేయాలని అర్థం చేసుకోకూడదు. అల్లాహ్ స్త్రీలకు ధర్మసమ్మతం చేసిన అలంకరణను ఎవరూ నిషిద్ధం చేయలేరు. హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ కూడా చేయలేదు. అయితే ఆ అలంకరణను పరపురుషుల ముందు ప్రదర్శించకూడదు. దాగిన అలంకరణ తెలిసేలా కాళ్ళు నేలకు తాటించి నడవకూడదని కూడా ఖుర్ఆన్ స్త్రీలను వారించింది.

మొదటి పాఠం నగ రాకను గురించినది. లంచం సొమ్ముతో, వడ్డీ సొమ్ముతో, అక్కచెల్లెళ్ళకు వారసత్వపు వాటా ఎగ్గొట్టిన సొమ్ముతో కొన్న గొలుసు స్త్రీ మెడలో ఉన్నా, అది బంగారమే అయినా పరిశుద్ధం కాజాలదు. పెళ్ళిలో అల్లుడికి బంగారు ఉంగరం పెట్టడం మన ఇళ్ళలో ఆచారమైపోయింది. అది రెండు విధాలా తప్పు. పురుషునికి ఆ లోహం నిషిద్ధం. ఆడపిల్ల తండ్రి అప్పుచేసి, మనస్సు నొచ్చుకుంటూ ఇచ్చినదైతే అది ధర్మసమ్మతమైన కానుక కూడా కాదు.

రెండవ పాఠం నగ యాజమాన్యాన్ని గురించినది. మహ్ర్‌గా వచ్చిన బంగారం, పుట్టింటివారు పెట్టిన బంగారం స్త్రీ సొంత ఆస్తి. దైవప్రవక్త (స) ఒక పండుగనాడు దానం చేయమని ఉద్బోధించగా, మదీనా స్త్రీలు తమ చెవిపోగులు, ఉంగరాలు తీసి హజ్రత్ బిలాల్ (రజి) పరచిన వస్త్రంలో వేశారు. అవి వారివి కాబట్టే ఇవ్వగలిగారు. ఈనాడు వ్యాపారానికో, ఆటో కొనడానికో, అన్న చదువుకో భార్య నగలు ఆమెను అడగకుండానే తాకట్టు పెట్టే భర్తలున్నారు. ముస్లిం సామ్రాజ్యానికి అధిపతి అయిన ఖలీఫాయే భార్య ఎదుట నిలబడి ఎంపిక ఆమె చేతికి వదిలినప్పుడు, మనకు ఆ హక్కు ఎక్కడిది? తీసుకోవలసి వస్తే ఆమె మనస్ఫూర్తి సమ్మతితో, అప్పుగా తీసుకుని తిరిగి ఇవ్వాలి.

మూడవ పాఠం నగలో ఉన్న పేదవాని హక్కును గురించినది. హనఫీ ధర్మవేత్తల ప్రకారం ధరించే నగలపైన కూడా జకాత్ విధి. మాలికీ, షాఫయీ, హంబలీ ధర్మవేత్తలలో అత్యధికులు వాడుకలో ఉన్న నగలపై జకాత్ లేదన్నారు. మన ప్రాంతంలో ఎక్కువమంది హనఫీ మార్గాన్నే అనుసరిస్తున్నారు. బంగారపు నిసాబ్ పాత కొలత ప్రకారం ఏడున్నర తులాలు, అంటే సుమారు 87.48 గ్రాములు. ఈనాటి బజారులో తులమంటే 10 గ్రాములు కాబట్టి అది దాదాపు ఎనిమిదిముప్పావు తులాలవుతుంది. వెండి నిసాబ్ పాత కొలతలో 52½ తులాలు, అంటే సుమారు 612.36 గ్రాములు. నిసాబ్ ఉండి చాంద్రమాన సంవత్సరం గడిస్తే నలభయ్యో వంతు చెల్లించాలి. బంగారంతోపాటు వెండి, డబ్బు కూడా ఉన్నవారు తమ ఊరి ఆలిమ్‌ను అడిగి లెక్క సరిచూసుకోవడం మంచిది.

ఈ రాత్రి మనం మన బీరువా తెరిచి ఒక్కొక్క నగనూ చేతిలోకి తీసుకుని, నువ్వు ఎక్కడి నుండి వచ్చావు, నీలో ఎవరి హక్కు ఉంది అని అడిగి చూద్దాం. ఈ ప్రశ్న మనం ఇక్కడ అడగకపోతే ప్రళయదినాన మనల్ని అడిగేవాడున్నాడు.

అల్లాహ్ మన సంపాదనను పరిశుద్ధం చేయుగాక! మన అలంకరణను మనకు భారం కానీయకుండా కాపాడుగాక! హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) వంటి భర్తలను, తండ్రులను, ఫాతిమా గారి వంటి ఇల్లాళ్ళను మన ఇళ్ళకు ప్రసాదించుగాక! ఆమీన్.